ప్రవేశం ఉచితం... ఎవరి ఖర్చుతో?

"రాజులు పోయారు, రసికత పోయింది. ఇక ప్రభుత్వమో పెద్ద కంపెనీలో పూనుకోకపోతే మన సంగీతం మిగలదు." ఏ సంగీత సభలోనైనా ముఖ్య అతిథి మైకు అందుకున్న మొదటి ఐదు నిమిషాల్లో ఈ మాట రావలసిందే. దాని వెనకే ఇంకో మూడు వస్తాయి. సంగీతం దైవదత్తం కాబట్టి ప్రవేశం అందరికీ ఉచితంగా ఉండాలట. నిజంగా సత్తా ఉన్నవాడైతే ఈ ఊళ్లో ఎందుకుంటాడు, చెన్నైలోనో సినిమాల్లోనో ఉండేవాడు కదా అట. ఇళ్లల్లో పాతికమందిని కూర్చోబెట్టి పాడించడం డబ్బున్నవాళ్ల సరదా, దానివల్ల కళకు ఒరిగేదేమీ లేదట. వేదిక మీద వెనక వరసలో కూర్చుని తంబుర సరిచూసుకుంటున్న గాయకుడు ఇవన్నీ వింటూనే ఉంటాడు. అతనికిచ్చిన రెండు గంటల్లో ముప్పావుగంట అప్పటికే హరించిపోయి ఉంటుంది.

పైకి నాలుగుగా కనిపించే ఈ మాటల అడుగున ఉన్నది ఒకటే నమ్మకం. పాటకు డబ్బివ్వవలసిన బాధ్యత వినేవాడిది కాదు, ఇంకెవరిదో. ఒకప్పుడు రాజుది, ఇప్పుడు సాంస్కృతిక శాఖది, రేపు ఏదో కార్పొరేట్ ఫౌండేషన్‌ది. ఈ నమ్మకం చరిత్రకు నిలవదనీ, మన ఊళ్లలో సంగీతాన్ని ఎండగడుతున్నది ఇదేననీ నా వాదన. ముప్పై మంది ఒక ఇంటి హాల్లో చేరి, తలా కొంత వేసుకుని, తమ ఊరి గాయకుణ్ణి పిలిచి పాడించుకోవడం పెద్ద సభ దొరకనప్పుడు చేసే సర్దుబాటు అని చాలామంది అనుకుంటారు. ఈ సంగీతం చాలాకాలం బతికింది ఆ కొలతలోనే.

రాజుల దగ్గర మొదలుపెడదాం. విజయనగరం గజపతులు 1919లో సంగీత కళాశాల పెట్టారు. ఆదిభట్ల నారాయణదాసు దానికి మొదటి అధ్యక్షుడు. ద్వారం వెంకటస్వామినాయుడు అక్కడే ఫిడేలు పాఠాలు చెప్పి, 1936లో ఆ కుర్చీలో కూర్చున్నారు. పిఠాపురం సంస్థానం తుమరాడ సంగమేశ్వరశాస్త్రి వీణను ఆదరించింది. ఇదంతా దండం పెట్టవలసిన చరిత్రే. కానీ ఒక సంస్థానం ఎంతమందిని పోషించగలదు? ఆస్థానంలో ఒక వైణికుడు, ఒక గాయకుడు, దసరాకి వచ్చి పాడి వార్షికం పట్టుకెళ్లే మరి కొందరు. మిగతావాళ్లు పెళ్లిళ్లలో పాడారు, గుళ్లో వాయించారు, పిల్లలకు పాఠాలు చెప్పారు, బజారు వర్తకులు చందాలు వేసుకుని నడిపిన శ్రీరామనవమి పందిళ్లలో కచేరీలు చేశారు. 1948 నాటి చట్టం మద్రాసు రాష్ట్రంలో జమీందారీలను రద్దు చేసేనాటికి, ఊళ్లలో పాటను నిలబెడుతున్న అనేకుల్లో జమీందారు ఒకడు మాత్రమే. ఆయన పోయినందుకు అంతా పోయిందనడం మిగతా అందరినీ లెక్కలోంచి కొట్టేయడం.

సంగీతానికి డబ్బు అడగకూడదనే వాళ్లు ఇక్కడ త్యాగరాజస్వామిని తీసుకొస్తారు. తంజావూరు రాజు శరభోజి కొలువు పిలిస్తే పోలేదు కదా, ఉంఛవృత్తితో బతికాడు కదా అంటారు. సరే, ఆ ఉంఛవృత్తినే చూద్దాం. భుజాన తంబుర, చేత పాత్ర. తిరువయ్యారు వీధుల్లో ఆయన పాడుకుంటూ వెళ్తుంటే ఇల్లాళ్లు గుమ్మంలోకి వచ్చి గుప్పెడు బియ్యం పోసేవారు. ఆ బియ్యంతోనే ఇల్లు గడిచింది, ఇంట్లో ఉండి నేర్చుకునే శిష్యులకు అన్నం దొరికింది. రాజు సొమ్ము వద్దన్న మనిషి వీధివాళ్ల బియ్యం వద్దనలేదు. ఈ కథను మనం గాయకుడి త్యాగం కథగా మాత్రమే చెప్పుకుంటాం. బియ్యం పోసిన ఇళ్ల ఊసెత్తం. త్యాగరాజు వారసత్వాన్ని గాయకుల నెత్తిన పెట్టేశాం గానీ, తిరువయ్యారు ఇల్లాళ్ల వారసత్వం తీసుకోవడానికి మాత్రం ఎవరూ ముందుకు రారు. ఆ మాటకొస్తే ఆయన సమాధి దగ్గర గుడి వెలిసింది కూడా ఏ ప్రభువు దయవల్లా కాదు. బెంగుళూరు నాగరత్నమ్మ పాడి సంపాదించుకున్న సొంత సొమ్ముతో 1920లలో కట్టించింది. పాటకు డబ్బు పుచ్చుకోవడం పాపమైతే ఆ గుడి పునాదిలోనే పాపం ఉండాలి.

ఇది కర్ణాటక సంగీతం వరకే అనుకోనక్కర్లేదు. తెలంగాణ పల్లెల్లో ఒగ్గువాళ్లు, చిందువాళ్లు, డక్కలివాళ్లు ఏ రాజు నీడన బతికారు? ఫలానా ఊళ్లో ఫలానా ఇళ్లకు వెళ్లి కథ చెప్పే, ఆట ఆడే హక్కు ఫలానా కుటుంబానిదని మిరాశీలు పంచుకున్నారు. ఒగ్గు కథకుణ్ణి గొల్ల కురుమలు, చిందు భాగోతాన్నీ డక్కలి కిన్నెరనూ మాదిగలు పోషించారు. ఆ పోషకులు భూములున్న దొరలు కారు, రెక్కాడితేగాని డొక్కాడని ఇళ్లవాళ్లు. పంట రాగానే తమ కళాకారుడి వాటా తీసి పక్కనపెట్టారు. నిరుపేద వాడ ఒకటి తన పాటగాళ్లను తరతరాలు నిలబెట్టుకోగలిగితే, కారు, అపార్టుమెంటు, నెలకు నాలుగు ఓటీటీ చందాలు ఉన్న ఇల్లు "మనకెక్కడిది స్తోమత, ప్రభుత్వం చూడాలి" అనడం ఏ రకం సంస్కృతో నాకు అర్థం కాదు. అయితే ఆ పాత ఏర్పాటు కులం గోడల మధ్య నడిచింది. కళాకారుడు పుట్టుకతోనే దానికి కట్టుబడి ఉండేవాడు, కాదనే వీలు లేదు. దాన్ని యథాతథంగా తిరిగి తెమ్మని నేను అనడంలేదు. పోషణ ఇంటినుంచే వచ్చిందని మాత్రం గుర్తుచేస్తున్నాను.

ఇంకో ఇల్లు మద్రాసు జార్జి టౌన్‌లో ఉండేది. వీణ ధనమ్మాళ్ ఇల్లు. శుక్రవారం సాయంత్రాలు ఆవిడ వీణ ముందు కూర్చుంటే ఆనాటి విద్వాంసులూ రసికులూ వచ్చి గోడవారన చేరేవారు. మైకు లేదు. గదిలో ఎవరైనా గట్టిగా కదిలితే స్వరం మునిగిపోయేది. ఆవిడ 1938లో పోయారు. మనవరాళ్లు బృంద, ముక్త పాటలోనూ, బాలసరస్వతి ఆటలోనూ ఆ గది సంగీతం మిగిలింది. అందులో పెద్ద భాగం మన మువ్వ క్షేత్రయ్య పదాలు. కృష్ణా తీరంలో పుట్టిన తెలుగు పదం అంత నెమ్మదిగా, అంత నిండుగా పాడుకునేందుకు చోటు దొరికింది ఒక ఇంటి గదిలో. ఐదొందల కుర్చీల హాలుకి ఆ విళంబ కాలం ఆనదు. అసలు వెయ్యిమంది ముందు పాడడమన్నది ఈ సంగీతానికి నిన్నమొన్నటి అలవాటు. మైకులు లేని రోజుల్లో వెనక వరసలదాకా వినిపించాలని మైసూరు చౌడయ్య ఫిడేలుకి ఏడు తీగలు కట్టుకున్నారంటేనే తెలుస్తుంది, హాలుకి తగ్గట్టు వాద్యం తన్ను తాను ఎంత పెంచుకోవలసి వచ్చిందో.

ఇక ఉచిత ప్రవేశం సంగతి. "అందరూ ఆహ్వానితులే" అన్న ఫ్లెక్సీ చూస్తే ప్రజాస్వామ్యం వెల్లివిరిసినట్టే ఉంటుంది. కాస్త లోపలికి వెళ్లి లెక్క చూద్దాం. హాలుకి అద్దె కట్టాలి. మైకు సెట్టుకి కట్టాలి. ఫ్లెక్సీకి, పూలదండలకి, వీడియో తీసేవాడికి, ఇడ్లీ వడకి, మెమెంటోలకి, శాలువాలకి కట్టాలి. వీళ్లెవరూ "సంగీత సేవ కదా" అంటే ఒక్క రూపాయి తగ్గించరు. హాలు మేనేజరు దగ్గరికి వెళ్లి, మీ హాలుకి ఇది మంచి అవకాశం, నలుగురికీ తెలుస్తుంది అని అద్దె ఎగ్గొట్టి చూడండి. అన్నీ కట్టాక మిగిలింది కళాకారులకి. మిగలకపోతే కళాకారులకి నమస్కారం. అంటే ఆ సాయంత్రం ప్రవేశం నిజంగా ఉచితమైంది ఎవరి ఖర్చుతో అంటే, పాడినవాడి ఖర్చుతో. ఇంకా చెప్పాలంటే, ఒళ్లో మృదంగం పెట్టుకుని పల్లెవెలుగు బస్సులో వచ్చి రాత్రి ఆఖరు బస్సు తప్పిపోయిన పక్కవాద్యం కుర్రవాడి ఖర్చుతో.

శాలువా గురించి విడిగా చెప్పుకోవాలి. మన సభల్లో అది నాణెంలా చెల్లుతోంది. ఇచ్చేవాడికి చౌక, ఫొటోకి బాగుంటుంది, పుచ్చుకున్నవాడు కాదనలేడు. ఒక మోస్తరు పేరున్న సంగీతం మాస్టారి ఇంట్లో బీరువా తెరిస్తే శాలువాలు జారి మీద పడతాయి. వేసవి పొద్దు నలభై డిగ్రీలు దాటే ఊళ్లో ఆ ఉన్నిబట్టతో ఆయన ఏం చేసుకోవాలో ఇచ్చినవాళ్లు ఎప్పుడూ ఆలోచించినట్టు లేదు. మెమెంటోల మీద పేరు చెక్కి ఉంటుంది కాబట్టి ఇంకొకరికి ఇవ్వడానికీ పనికిరావు. సన్మానపత్రం చదవడానికి పావుగంట కేటాయించే నిర్వాహకులు, ఫిడేలు విద్వాంసుడికి కవరు అందించడానికి మాత్రం "రేపు ఫోన్‌పే చేయిస్తాను" అంటారు. గౌరవం ముఖ్యం, డబ్బు కాదు అని వాదించేవారికి నా ప్రశ్న ఒక్కటే: మీ ఆఫీసులో ఈ నెల జీతం బదులు శాలువా కప్పితే ఏమంటారు?

ఉచితంగా పెడితే పేదవాళ్లు కూడా వచ్చి వింటారు కదా అన్నది మంచి మనసున్నవాళ్ల వాదన. ఎంతమంది వచ్చారో హాల్లో ముందు వరసలు చూసి చెప్పండి. పాసులు తెచ్చుకోవడం తెలిసినవాళ్లే, ఎప్పుడూ వచ్చేవాళ్లే. రొక్కం పెట్టకుండా వచ్చినవాడికి మధ్యలో లేచి వెళ్లిపోవడం కూడా తేలికే. మృదంగం ఒక్కటే మోగే తని ఆవర్తనం మొదలుకాగానే కాఫీకి లేచే మన అలవాటుకీ ఉచిత ప్రవేశానికీ చుట్టరికం ఉందని నాకు గట్టి అనుమానం. పేద శ్రోతకు తలుపు తీయాలంటే ఆ ఒక్కరినీ ఉచితంగా కూర్చోబెట్టవచ్చు. పక్కవాడు ఇంకో వంద ఎక్కువ వేస్తాడు. అందుకోసం ఊళ్లో ఉన్న డాక్టర్లనీ, ఇంజనీర్లనీ, రియల్ ఎస్టేట్ వ్యాపారులనీ కూడా ఊరికే కూర్చోబెట్టనక్కర్లేదు.

ఇంటి కచేరీ లెక్క వేరు. ఊరికే ఒక ఉదాహరణ చూద్దాం. ముప్పై మంది, మనిషికి మూడు వందలు, మొత్తం తొమ్మిది వేలు. హాలు అద్దె లేదు, మైకు లేదు, ఫ్లెక్సీ లేదు. కాఫీ ఇంటివాళ్లది. గాయకురాలికి నాలుగువేలు, ఫిడేలుకి రెండున్నర, మృదంగానికి రెండున్నర. ఇది గొప్ప సంపాదనని నేను అనను. కానీ నెలకి ఊళ్లో మూడు ఇళ్లు తలుపు తీస్తే, ఇంట్లో పాఠాలు చెప్పుకునే ఒక గాయకురాలి అద్దె గడుస్తుంది. అంతకన్నా పెద్ద లాభం సాధనది. వచ్చే నెల కచేరీ ఉందంటే కొత్త పల్లవి కూర్చుకోవాలి, మరిచిపోయిన కృతి తీసి మళ్లీ పదును పెట్టుకోవాలి. ఏడాదికి ఒక ఆరాధన, ఒక నవరాత్రి స్లాటు, అందులోనూ ఇరవై నిమిషాలు దొరికే మనిషికి ఆ అవసరం రాదు. పాడే గొంతు తుప్పు పట్టాక "ఈ ఊళ్లో మంచి పాటగాళ్లు లేరండీ" అని పెదవి విరిచేది మళ్లీ మనమే.

అక్కడికే వద్దాం. సత్తా ఉంటే ఇక్కడెందుకు ఉంటాడు అన్న మాటకి. మనకి పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్నది సామెత వరకే ఆగలేదు, సాంస్కృతిక విధానమైపోయింది. శంకరగుప్తంలో పుట్టి ఎనిమిదేళ్లకే విజయవాడలో గురువుల ఆరాధనలో కచేరీ చేసిన బాలమురళి చివరికి చెన్నైవాసి అయ్యారు. కాకినాడ చిట్టిబాబు వీణ అక్కడే మోగింది. ప్రకాశం జిల్లా కరవది నుంచి వెళ్లిన షేక్ చినమౌలానా నాదస్వరం శ్రీరంగంలో ఇల్లు కట్టుకుంది. ఆ జిల్లావాళ్లే అయిన కాలీషాబీ, మహబూబ్ సుభానీ దంపతులూ శ్రీరంగంలోనే స్థిరపడ్డారు, 2021లో పద్మశ్రీ అందుకున్నారు. వీళ్లు గొప్పవాళ్లు కాబట్టి వెళ్లిపోయారు అంటాం. తిప్పి చూడండి. అక్కడ నెలకు పది చోట్ల పిలుపు ఉంది, పిలిచినవాడు పారితోషికం ఇచ్చాడు, మర్నాడు వాకిట్లో నిలబడి పాటలో మంచిచెడ్డలు మాట్లాడాడు. ఊరు అలా అడిగితే గొప్పవాళ్లు తయారవుతారు. అంత ఎత్తుకి చేరేలోపే పిలుపు లేక మానేసినవాళ్లు ఎందరో మనకు తెలియదు, ఎందుకంటే మానేసినవాళ్లకి జీవిత చరిత్రలుండవు. వందేళ్లు దాటిన కాకినాడ సరస్వతీ గానసభ లాంటివి మన దగ్గరా లేకపోలేదు. ఒక గొప్ప సభ ఉన్నంత మాత్రాన ఊళ్లో ఉన్న పాతికమంది కళాకారులకి ఏడాది పొడుగునా పని దొరకదు. ఆ పని సభది కాదు కూడా.

ఇప్పుడు యూట్యూబ్ ఉంది, ప్రపంచమంతా వింటుంది, ఇంకా ముప్పై మంది గొడవెందుకు అనే కుర్రవాళ్లు ఉన్నారు. స్పాటిఫై 2024 నుంచి ఏడాదికి వెయ్యిసార్లు కూడా వినబడని పాటకు పైసా ఇవ్వడం మానేసింది. ఇచ్చే పాటలకైనా అంతర్జాతీయంగా చెప్పుకునే సగటు, ఒక్కో వినికిడికి మన డబ్బుల్లో పావలాకి కాస్త అటూ ఇటూ. చందాలు చౌకగా ఉన్న మన దేశంలో ఇంకా తక్కువ. ఆ పావలా లెక్కే వేసినా, పైన చెప్పిన తొమ్మిది వేలు రావాలంటే ముప్పై ఆరువేల సార్లు పాట మోగాలి. ఊళ్లో ముప్పై మంది ఒక సాయంత్రం చేసే పని అది.

ప్రభుత్వం, అవార్డు, సినిమా, ఇంటర్నెట్ నాలుగూ కలిసివచ్చినా ఏమవుతుందో చూడాలంటే కిన్నెర మొగులయ్య ఉన్నారు. నాగర్‌కర్నూల్ జిల్లా, పన్నెండు మెట్ల కిన్నెర. 2021లో 'భీమ్లా నాయక్' సినిమా పాటలో ఆయన గొంతు రాష్ట్రాలు దాటింది. 2022లో పద్మశ్రీ వచ్చింది, కోటి రూపాయలు ఇస్తున్నట్టు ప్రభుత్వం ప్రకటించింది. 2024 మే నెలలో ఆయన హైదరాబాద్ శివార్లలో కూలిపనికి వెళ్తున్నారని పత్రికలు రాశాయి. ఆ వార్త చూసి అందరం అయ్యో అన్నాం, ప్రభుత్వాన్ని తిట్టుకున్నాం. ఆ మూడేళ్లలో హైదరాబాద్‌లో ఎన్ని వేల గృహప్రవేశాలు, పుట్టినరోజులు, గేటెడ్ కమ్యూనిటీ వేడుకలు జరిగి ఉంటాయి? వాటిల్లో నెలకి నాలుగింటికి పిలిచి, కథ పూర్తిగా చెప్పించుకుని, సినిమా పాటలో వచ్చిన ఆ కాసేపటి పల్లవితో సరిపెట్టకుండా, తగిన డబ్బిచ్చి పంపి ఉంటే కోటి రూపాయల ప్రకటన అవసరమే ఉండేది కాదు. కోటి ఒకసారి వస్తుంది, వచ్చినా వైద్యానికో పెళ్లికో పోతుంది. పిలుపు నెలనెలా రావాలి.

ఇంటి కచేరీ మీద నాకు తెలిసి అన్నిటికన్నా గట్టి ఆక్షేపణ ఒకటుంది. దాన్ని దాటవేస్తే ఈ వాదనకి విలువ లేదు. ఇల్లంటే తలుపు. తలుపంటే ఎవరు లోపలికి రావచ్చో ఇంటివాడు తేల్చడం. గోదావరి జిల్లాల్లో కలావంతుల మేజువాణీలు ఇళ్లల్లోనే జరిగాయి. భూస్వామి ఇంటి పెళ్లిలో, పెద్దమనుషుల హాల్లో. ఆ స్త్రీల దగ్గర ఉన్నంత పదం, జావళీ ఇంకెక్కడా లేవు. అయినా ఆ గదిలో వాళ్లకి సంఘం ఇచ్చిన స్థానం మనకి తెలుసు. 1947 నాటి దేవదాసీ నిషేధ చట్టం, దాని చుట్టూ లేచిన సంస్కరణ ఉద్యమం తర్వాత ఆ ఇళ్లు తలుపులు వేసుకుని మేజువాణీని మర్చిపోయాయి. ఆ స్త్రీలు ఏమైపోయారని అడిగిన పెద్దమనిషి లేడు. అంచేత "ఇంటి పోషణ" అనగానే అనుమానంగా చూసేవాళ్లని నేను తప్పుపట్టను. చెన్నైలో గాయకుడు టి.ఎం. కృష్ణ లాంటివాళ్లు 2015లో ఊరూరు ఆల్కాట్ కుప్పం మత్స్యకారుల వాడలో సంగీతోత్సవం పెట్టింది కూడా మూసిన తలుపుల మీద కోపంతోనే.

అయితే ఈ ఆక్షేపణ సభకూ వర్తిస్తుందని ఒప్పుకోవాలి. మన సభల వేదికల మీద నాదస్వర విద్వాంసుడు ఎన్నిసార్లు ప్రధాన కచేరీకి కూర్చున్నాడు, ఎన్నిసార్లు అతిథులు లోపలికి వచ్చేదాకా గుమ్మం దగ్గర నిలబడి వాయించాడు? బుర్రకథ దళానికి మైకు ఇచ్చింది ప్రారంభోపన్యాసం ఆలస్యమైనప్పుడు కాదూ? పబ్లిక్ హాలుకి తలుపు లేదనుకోవడం పొరపాటు. దాని తలుపు కనబడదు, అంతే. ఇల్లు అయితే ఎవరిదో ఒకరిది కాబట్టి, ఆ ఒకరు మనసు మార్చుకుంటే సాయంత్రానికి తలుపు తెరుచుకుంటుంది, కమిటీ తీర్మానం అక్కర్లేదు. ఇంటి కచేరీ అనగానే బ్రాహ్మణ వీధిలో తంబుర బొమ్మే ఎందుకు మెదలాలి? ఆటో స్టాండు పక్క సందులో మేడ మీద బుర్రకథ పెట్టుకోవచ్చు. అపార్టుమెంటు సెల్లారులో ఒగ్గు కథ పెట్టుకోవచ్చు. నాదస్వరాన్ని మాత్రం పది అడుగుల గదిలో పెట్టకండి, డాబా ఎక్కించండి, మీ చెవుల కోసమే చెబుతున్నా. మేజువాణీకీ దీనికీ ఉండవలసిన తేడా ఒక్కటే. కళాకారుడు ధర చెప్పగలగాలి, కాదనగలగాలి, కచేరీ అయ్యాక ఇంటివాళ్లతో పాటు అదే బల్ల దగ్గర భోంచేయగలగాలి.

డబ్బు వాసన తగిలితే ఇంటి కచేరీ కూడా పాడవుతుంది. 2009లో లండన్‌లో స్నేహితుల గదుల్లో మొదలైన సోఫార్ సౌండ్స్ అనే ఇంటి కచేరీల సంస్థ పెట్టుబడిదారుల చేతికొచ్చి వందల నగరాలకు పాకాక, టికెట్ డబ్బులో పాడినవాడికి దక్కేది ఎంతన్న గొడవ లేచింది. జీతం లేకుండా పని చేయించుకున్న వాలంటీర్లకు దాదాపు 4 లక్షల 60 వేల డాలర్లు చెల్లించేలా 2020లో న్యూయార్క్ కార్మిక శాఖతో రాజీకి రావలసి వచ్చింది. మధ్యలో ఎవరూ లేకపోవడమే ఇంటి కచేరీకి ప్రాణం. వచ్చిన ప్రతి రూపాయీ పాడినవాళ్లకి వెళ్లాలి, అది అందరి ఎదుటా తేలాలి. అమెరికాలో మన తెలుగువాళ్లు ఎందరో ఇళ్లల్లో కచేరీలు పెట్టుకుని ఈ పద్ధతే పాటిస్తున్నారు. అక్కడ మనిషికి ఇరవై డాలర్లు ఇవ్వడానికి వెనకాడని పెద్దమనిషి సెలవులకి రాజమండ్రి వస్తే, "పాస్ ఉందా" అని అడగడం మాత్రం నాకు వింతగానే ఉంటుంది.

ప్రభుత్వం ఏమీ చేయనక్కర్లేదని నేను అనడంలేదు. 1948 డిసెంబరులో మొదలైన విజయవాడ రేడియో కేంద్రం లేకపోతే వోలేటి వెంకటేశ్వర్లు, శ్రీరంగం గోపాలరత్నం లాంటివాళ్ల పాట మనకి ఇలా దొరికేది కాదు. నేదునూరి కృష్ణమూర్తి తరం సంగీత కళాశాలల్లో జీతాలమీద బతికి పాడింది. ఆ ఉద్యోగాలు భర్తీ చేయమని, కళాశాలల్లో ఖాళీ కుర్చీలు నింపమని గట్టిగా అడగాలి. కానీ ప్రభుత్వం జీతం ఇవ్వగలదు, ముందు వరసలో కూర్చుని తల ఊపలేదు. భైరవిలో ఒక సంగతి కొత్తగా పడ్డప్పుడు "ఆహా" అనడానికి ఏ శాఖా ఉత్తర్వు ఇవ్వలేదు. రేడియోలో పాడినవాళ్లు కూడా సాయంత్రం ఎవరి ఇంటి అరుగుమీదో కూర్చుని ఇంకో గంట పాడుకున్నారని ఆ తరంవాళ్లు చెబుతారు. ఇప్పుడు రేడియో పలచబడింది, అరుగులు పోయాయి. అరుగైనా మనం మళ్లీ కట్టుకోవచ్చు.

అదేం పెద్ద కష్టం కాదు. ముందు కళాకారుణ్ణి ఎంత ఇవ్వాలో అడగండి. మొహమాటపడితే మీరే ఒక అంకె చెప్పి, దానికి పక్కవాద్యాలది కలపండి. ముప్పై మందిని పిలవండి, పదిమంది కొత్తవాళ్లుండేలా చూసుకోండి. లేకపోతే ఏడాది తిరక్కుండా అది మీ బంధువుల క్లబ్బయిపోతుంది. ఆరున్నరన్నది ఆరున్నరకే మొదలవ్వాలి. ముఖ్య అతిథి ఉండకూడదు, ఇది రాజీలేని నియమం. "మా అమ్మాయి కూడా రెండు పాటలు పాడుతుందండీ" అని పక్క ఫ్లాటువాళ్లు వస్తారు. ఆ అమ్మాయిని ముందు వరసలో కూర్చోబెట్టి వినమనండి. గుమ్మం పక్కన క్యూఆర్ కోడ్ అంటించి, ఇంత అని స్పష్టంగా రాయండి. "మీ ఇష్టం" అని రాస్తే జనం ఇష్టం ఎంతో మనకు పెళ్లి చదివింపుల్లో తెలియనిదా? కవరు కచేరీకి ముందే ఇచ్చేయండి. డబ్బు అందుతుందో లేదో అన్న బెంగ లేని గొంతు వేరేలా పలుకుతుంది.

మూడు వందలు ఎక్కువనేవాళ్లకి ఇంకో లెక్క ఉంది. ప్రతి డిసెంబరులో మన విజయవాడ, విశాఖ, హైదరాబాద్ రసికులు కొందరు చెన్నై సంగీత సీజన్‌కి బయల్దేరతారు. రైలు టికెట్, మైలాపూర్‌లో లాడ్జి, క్యాంటీన్లో టిఫిను, సభ టికెట్లు. అన్నీ డబ్బు పెట్టే, అడ్వాన్సుగానే, పైగా టికెట్లు దొరికాయని సంబరపడుతూ కొంటారు. అక్కడ వేదిక మీద కూర్చున్నవాళ్లలో మన ఊరి నుంచి వెళ్లినవాళ్లూ ఉంటారు. వెళ్లండి, వినండి, మంచిదే. ఆ ప్రయాణం మొత్తం ఖర్చులో పదోవంతు మీ వీధి చివర పాఠాలు చెప్పుకుంటున్న సంగీతం టీచరుకి ముందే ఇచ్చి, జనవరిలో ఒక ఆదివారం మీ ఇంట్లో పాడమని ఈ రోజే అడగండి. ఆవిడ కాదంటే, నేను రాసిందంతా తప్పని ఒప్పుకుంటాను.